గాజు అక్వేరియం మరమ్మత్తు

పగిలిన లేదా నీరు కారుతున్న గాజు చేపల తొట్టెను తిరిగి నీరు నిలుపుకొనేలా చేసే పనిని గాజు అక్వేరియం మరమ్మత్తు అంటారు. ఇందులో రెండు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. మొదటిది, గాజు పలకల మధ్య ఉండే సిలికాన్ అతుకు ఊడి నీరు కారడం. రెండవది, గాజు పలకే బీటలు వారడం. రెండు సందర్భాలలోనూ నేల తడుస్తుంది గాని, చేయవలసిన మరమ్మత్తు ఒకటి కాదు. ఊడిన అతుకును ఇంట్లోనే నమ్మకంగా బాగు చేసుకోవచ్చు. పగిలిన పలకను మాత్రం జిగురుతో కలపడం వల్ల ప్రయోజనం లేదు. దానిని మార్చాలి, లేదా దానిపై మరొక గాజు ముక్కను అతికించాలి.

చరిత్ర

అక్వేరియం అనే పదాన్ని నేటి అర్థంలో ప్రచారంలోకి తెచ్చినవాడు ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్. ఆయన రచించిన 'ది అక్వేరియం' 1854లో వెలువడింది. అంతకు ముందు సంవత్సరం, 1853లో, లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల సందర్శనార్థం చేపల తొట్ల విభాగం ప్రారంభమైంది. తొలినాటి తొట్లలో గాజు పలకలను లోహపు చట్రంలో బిగించి, సందులను పుట్టీతో పూడ్చేవారు. చట్రం తుప్పు పట్టడం, పుట్టీ ఎండి బీటలు వారడం వీటిలోని ప్రధాన లోపాలు.

20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో సిలికాన్ సీలెంట్ వాడుకలోకి రావడంతో గాజును గాజుకు నేరుగా అంటించి, చట్రం లేకుండానే తొట్లు తయారుచేయడం మొదలైంది. నేడు ఇళ్ళలో కనిపించే గాజు తొట్లలో ఎక్కువ భాగం ఇటువంటివే. వీటిలో నీటి భారాన్ని పలకలు, వాటి మధ్యనున్న సిలికాన్ పొర మాత్రమే మోస్తాయి.

నీటి ఒత్తిడి - గాజు స్వభావం

నీటి ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది. 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు ఉన్న తొట్టె (సుమారు మూడడుగుల తొట్టె) నిండా పోస్తే 182 లీటర్ల నీరు పడుతుంది. అంటే నీటి బరువే 182 కిలోలు. అప్పుడు ముందు పలకను నీరు బయటికి నెట్టే బలం సుమారు 91 కిలోల బరువుకు సమానం. ఈ బలం నీటి ఎత్తు యొక్క వర్గాన్ని అనుసరించి మారుతుంది. అందుచేత నీటిని సగానికి తగ్గిస్తే ఆ బలం నాలుగోవంతుకు, అనగా దాదాపు 23 కిలోలకు తగ్గుతుంది. తొట్టె పగిలినట్లు కనిపించగానే నీటిని తగ్గించమనడానికి కారణం ఇదే.

గాజు ఒత్తిడికి లోహంలా సాగదు. పగులు ఉన్నచోట బలమంతా ఆ పగులు కొన వద్ద కేంద్రీకరిస్తుంది. ఈ విషయాన్ని ఎ. ఎ. గ్రిఫిత్ గాజుపై ప్రయోగాలు చేసి 1921లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. పైగా నీటి తేమ పగులు కొన వద్ద గాజులోని బంధాలను బలహీనపరుస్తుంది. అందువల్ల నెలల తరబడి కదలకుండా ఉన్న సన్నని బీట కూడా ఒకనాడు హఠాత్తుగా పలక అంతటా పాకవచ్చు.

కారణాలు

* తొట్టె కింది బల్ల సమతలంగా లేకపోవడం. ఇది అన్నిటికంటే ముఖ్యమైన కారణం. బల్ల ఒక మూల పల్లంగా ఉన్నా, తొట్టె కింద చిన్న రాయి ముక్క ఉన్నా బరువంతా ఒకేచోట పడుతుంది.
* నీరు, రాళ్ళు ఉండగానే తొట్టెను ఎత్తడం లేదా జరపడం.
* అలంకరణకు పెట్టిన పెద్ద రాయి జారి గాజుపై పడడం.
* వేడిగా ఉన్న గాజుపై చన్నీరు పోయడం, లేదా నీరు తగ్గినప్పుడు హీటర్ గాజుకు ఆనుకొని వెలుగుతూ ఉండడం.
* సిలికాన్ పాతబడి అంచుల వద్ద లేచిపోవడం. శుభ్రం చేసేటప్పుడు బ్లేడు తగిలి అతుకు కోసుకుపోవడం కూడా తరచుగా జరిగేదే.

తక్షణ చర్యలు

నీటిలో చేయి పెట్టడానికి ముందు హీటర్, ఫిల్టర్, దీపం మొదలైన అన్ని విద్యుత్ పరికరాల ప్లగ్గులను తీసివేయాలి. తడిసిన నేలపై ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపడం అవసరం.

తరువాత సన్నని గొట్టంతో తొట్టెలోని నీటినే శుభ్రమైన బకెట్లలోకి తీసి, చేపలను అందులోకి మార్చాలి. సబ్బు వాడిన బకెట్లు పనికిరావు. చేపలు ఎగిరి బయట పడకుండా బకెట్లపై గాలి ఆడే మూత వేసి, గాలి పంపును అమర్చాలి. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి నీటితో కడగకుండా తొట్టె నీటిలోనే ఉంచాలి. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలోనే నివసిస్తుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపుతుంది. మరమ్మత్తుకు వారం పైన పట్టవచ్చు గనుక చేపలకు వీలైతే మరొక తొట్టెను, లేదా పెద్ద ప్లాస్టిక్ టబ్బును ఏర్పాటు చేయడం మంచిది.

లీకును గుర్తించడం

నీరు అతుకు వెంట పాకి వేరొకచోట బయటపడుతుంది కనుక తడి కనిపించిన చోటే లీకు ఉందని భావించరాదు. ముందుగా ఫిల్టరు గొట్టం నుండి కారుతున్న చుక్కలు గాని, చల్లని గాజుపై పట్టిన తేమ గాని కాదని నిర్ధారించుకోవాలి. ఆపై తొట్టె వెలుపలి భాగాన్ని పూర్తిగా తుడిచి, అతుకుల కింద పాత వార్తాపత్రికలు పరచి, కాగితం ముందు ఎక్కడ తడుస్తుందో చూడాలి. నీటిమట్టం తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగిపోతే, లీకు ఆ ఎత్తులోనే ఉందని గ్రహించవచ్చు.

గాజుపై కనిపించే గీత పగులా, పైపై గీతా అనే సందేహం వస్తే గోరుతో తడిమి, టార్చిలైటును పక్కనుండి వేసి చూడాలి. పగులు గాజు మందం లోపలికి దిగి, వెలుతురుకు అద్దంలా మెరుస్తుంది.

కావలసిన వస్తువులు

* అక్వేరియంలకు తగినదని పైన ముద్రించిన సిలికాన్ సీలెంట్, దానిని నొక్కే గన్
* కొత్త బ్లేడ్లు, గాజు గీకే పరికరం
* అసిటోన్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగులు రాలని గుడ్డ
* మాస్కింగ్ టేపు, మందమైన చేతి తొడుగులు, కళ్ళద్దాలు

స్నానాల గదులకు, వంటగదులకు అమ్మే సిలికాన్లలో అనేకం బూజు పట్టకుండా శిలీంధ్ర నాశకాలు కలిపినవి. అవి చేపలకు హానికరం. అక్వేరియంలకు వాడే సాధారణ సిలికాన్ గాలిలోని తేమను గ్రహించి గట్టిపడుతూ ఎసిటికామ్లాన్ని విడుదల చేస్తుంది. పని చేసేటప్పుడు వచ్చే వెనిగర్ వాసన దీనిదే. కిటికీలు తెరచి పని చేయాలి.

మరమ్మత్తు పద్ధతులు

అతుకును తిరిగి వేయడం

తొట్టెను ఖాళీ చేసి ఆరబెట్టి, లోపలి మూలలలోని సిలికాన్ పట్టీని బ్లేడుతో పూర్తిగా తీసివేయాలి. గట్టిపడిన పాత సిలికానుకు కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. అందుచేత లీకు ఉన్న చోట మాత్రమే పైపూత పూస్తే కొత్త, పాత పూతలు కలిసే చోట నీరు మళ్ళీ దారి చేసుకొంటుంది. లోపలి పట్టీని నాలుగు మూలలలోను, అడుగు చుట్టూను మార్చడమే సరైన పద్ధతి. ఈ పనిలో రెండు పలకల నడుమనున్న సిలికాన్ పొరను కోయకూడదు. తొట్టెను నిలబెట్టేది ఆ పొరే. అందులోనే గాలి బుడగలు, తెల్లని ఖాళీలు కనిపిస్తుంటే లోపలి పట్టీ మార్చినంత మాత్రాన చాలదు. ఆ పలకను ఊడదీసి తిరిగి అంటించాలి.

గాజును అసిటోనుతో తుడిచాక, మూలకు ఇరువైపులా కొద్ది దూరంలో మాస్కింగ్ టేపు అంటించాలి. సిలికానును ఆగకుండా ఒకే ధారగా వేసి, తొడుగు వేసిన వేలితో ఒకేసారి నునుపు చేయాలి. సిలికానుపై పొర కట్టడానికి ముందే టేపును తీసివేయాలి.

పలకను మార్చడం

పక్క పలక పగిలితే ఇదే మేలైన మార్గం. పగులుపై ముందుగా టేపు అంటిస్తే ముక్కలు చెల్లాచెదురు కావు. అతుకులను బ్లేడుతోను, సన్నని ఉక్కు తీగతోను కోసి పలకను వేరు చేయాలి. పాత పలక కొలతలను, మందాన్ని ఖచ్చితంగా తీసుకొని గాజు దుకాణంలో అదే మందం గల పలకను కోయించి, అంచులు నూరించాలి. మిగిలిన పలకల అంచులపై పాత సిలికాన్ ఏమాత్రం లేకుండా గీకి, తుడిచి, కొత్త ధార వేసి పలకను నిలబెట్టాలి. సిలికాన్ అంతా బయటికి వచ్చేంత గట్టిగా నొక్కకూడదు, గాజు గాజుకు తగలకూడదు. పలకను టేపుతో బిగించి, లోపలి మూలల పట్టీని పైన చెప్పిన విధంగా వేయాలి. ఈ పనికి ఇద్దరు ఉండడం అవసరం.

గాజు ముక్క అతికించడం

అడుగు పలకలో చిన్న పగులు ఉన్నప్పుడు ఈ పద్ధతి వాడతారు. పగులుకు అన్ని వైపులా కనీసం 5 సెం.మీ. దాటేలా ఒక గాజు ముక్కను కోయించి, తొట్టె లోపలి వైపున బుడగలు లేకుండా సిలికానుతో అంటిస్తారు. లోపల అంటించిన ముక్కను నీరే పగులుపైకి నొక్కి ఉంచుతుంది. బయట అంటించిన దానిని నీరు ఊడదీయ చూస్తుంది. రెండు గాజుల మధ్య చిక్కుకొన్న సిలికానుకు తేమ అంచుల నుండే అందుతుంది కనుక అది ఆరడానికి చాలా కాలం పడుతుంది.

పగులులో త్వరగా అంటే జిగురు లేదా ఎపాక్సీ నింపడం వల్ల కారడం కొంతకాలం ఆగవచ్చు గాని, గాజుకు పోయిన బలం తిరిగి రాదు. కారు ముందు అద్దంలోని చిన్న పగులును రెసిన్‌తో పూడ్చడం దీనికి ఉదాహరణ కాదు. ఆ అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర కలిగినది. అది నిరంతరం నీటి భారాన్ని మోయదు.

ఆరబెట్టడం, పరీక్షించడం

సిలికాన్ బయటి నుండి లోపలికి, రోజుకు సుమారు 2 నుండి 3 మి.మీ. చొప్పున గట్టిపడుతుంది. లోపలి పట్టీ మాత్రమే మార్చితే కనీసం 2 రోజులు, పలక మార్చితే వారం, గాజు ముక్క అంటించితే అంతకంటే ఎక్కువ కాలం ఆగాలి. వెనిగర్ వాసన వస్తున్నంత వరకు ఆరలేదని అర్థం.

తరువాత తొట్టెను ఆరుబయట, నీరు పోయినా నష్టం లేని చోట, సమతలంగా ఉంచి పరీక్షించాలి. మొదట మూడోవంతు, మరునాడు మూడింట రెండు వంతులు, ఆ పైన నిండుగా నీరు పోసి, నిండిన తరువాత కనీసం 2 రోజులు గమనించాలి. ఆ నీటిని పారబోసి, తొట్టెను కడిగి, క్లోరిన్ తొలగించిన నీటిని నింపిన తరువాతే చేపలను వదలాలి.

మరమ్మత్తు చేయకూడని సందర్భాలు

* టెంపర్డ్ గాజు పలక. దీనిని తయారైన తరువాత కోయడం గాని, రంధ్రం చేయడం గాని సాధ్యం కాదు. పగిలితే ఒక్కసారిగా చిన్న ముక్కలవుతుంది. కొన్ని పలకల మూలన దీనిని సూచించే ముద్ర ఉంటుంది.
* ఒక అంచు నుండి మరొక అంచు వరకు పాకిన పగులు, లేదా ఒకటికంటే ఎక్కువ పలకలలో పగుళ్ళు.
* మనుషులు నిద్రించే గదిలోనో, పై అంతస్తులోనో ఉండే పెద్ద తొట్టె. కొత్త పలక ధరకంటే జరగగల నష్టం ఎక్కువ.

ఇటువంటి తొట్టెను నీరు లేకుండా మొక్కల పెంపకానికి వాడుకోవచ్చు.

నివారణ

బల్లను నీటిమట్టం పరికరంతో సరిచూసి, చట్రం లేని తొట్టె కింద థర్మకోల్ షీటు పరిస్తే చిన్న ఎగుడుదిగుడులు గాజుకు తగలవు. అడుగున ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్లలో బరువు చట్రంపైనే పడుతుంది కనుక వాటికి తయారీదారు సూచనను పాటించాలి. బరువైన రాళ్ళను ఇసుకపై కాక తొట్టె అడుగునే స్థిరంగా అమర్చి, ఆ తరువాత ఇసుక పోయాలి. తొట్టెను జరపవలసి వస్తే పూర్తిగా ఖాళీ చేసిన తరువాతే జరపాలి.

ఇవి కూడా చూడండి

* అక్వేరియం
* గాజు
* సిలికాన్
* గోల్డ్ ఫిష్