చిరివేరు నేల, చిటికి చీర

కృష్ణవేణి పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి, దివిసీమను నడుమ నుంచుకొని కడలిని గలియు ఈ లంకభూమిలో, పడమటిపాయ యొడ్డున నున్న మా నాగాయలంక నేతకు పేరుమోసిన యూరు కాదు. పడవకు, వలకు, వరిచేనికి, ఇటీవల రొయ్యలచెరువులకును పేరుగన్న యూరిది. చిటికి నేత చరిత్ర వ్రాయబూనినవారు చీరాల, పోచంపల్లి, పుట్టపాకలను పేర్కొని ఇటువైపు కన్నెత్తియైనను చూడకుండుట వింత కాదు. అయినను ఆ చరిత్రలో ఒక యధ్యాయము మా తీరపు టిసుకనేలలకు చెందునని, అది లేనిదే తక్కిన యధ్యాయములకు రంగు రాదని నా నిశ్చితాభిప్రాయము.

కట్టి రంగు వేయు విద్యలలో, బట్ట నేసిన పిమ్మట ముడులు వేసి రంగులో ముంచునట్టి గుజరాతు, రాజస్థానముల బాంధనీ, మదురై సుంగుడి ఒక తెగ. నేయకముందే నూలును కట్టి రంగు వేయునది వేరొక తెగ. మన చిటికి ఈ రెండవ తెగది. గళ్ల కాగితముపై గీసిన లెక్క ననుసరించి, రంగు సోకరాని తావులందు నూలుచిలపలకు దారమునో, ఈ కాలమున సైకిలు ట్యూబు రబ్బరు పీలికలనో బిగియ చుట్టి, ఒక రంగులో ముంచి, ఆరవేసి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, మరియొక రంగులో ముంచుదురు. మగ్గ మెక్కకముందే పువ్వు నూలులో దాగియుండును. నేతగాని పని దానిని చెదరనీయక బయటికి దెచ్చుట. పడుగును మాత్రమే కట్టుట సులువు, పేకను కట్టుట కష్టము, రెంటిని కట్టి కూడలిలో రంగుకు రంగు కలియునట్లు నేయుట కష్టములలో కష్టము. పేకనూలును ఆసు మేకులపై చేతితో త్రిప్పుట యింటి యాడువారి వంతు; ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడవలసినదే. తల్లి భుజముల నొప్పి చూడలేక నేతగాడు చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. తల్లుల భుజములకు అంతకుముందే విశ్రాంతి దొరకినది.

పడుగు పేకలు రెంటిని కట్టి నేయు విద్యకు పాటన్ పటోలా ఒక యుదాహరణము, మన చీరాల తేలియా రుమాలు మరియొకటి. ఈ రుమాలుకొరకు ఆముదపుకాయల పొట్టును కాల్చిన బూడిదనీటితోను, నూనెతోను నూలును మర్దించి, ఎండవేసి, మరల మర్దించి, ఇట్లు పక్షము దాటువరకు సాధించినగాని ఆ నూలు రంగునకు పాత్రము కాదు. నూనెయు క్షారమును ఇంకిన నూలు పటికను, పటిక ఎరుపును విడువక పట్టుకొనును. నలుపునకు తుప్పుపట్టిన ఇనుము నానిన నీరు. ఎరుపు, నలుపు, తెలుపు: ఈ మూటితోనే నలుచదరపు గుడ్డలో గళ్లు, ఏనుగులు, సింహములు, పిమ్మట గడియారములు, విమానములు సైతము వెలసినవి. ఎండలో చల్లగనుండు ఈ రుమాలు తీరమున జాలరికి, మెట్టన పసులకాపరికి తలగుడ్డ యైనది. ఓడ నెక్కి ఏడెను మీదుగా అరబ్బుదేశములకును పోయినది. బాలి ద్వీపమున తెంగనాను గ్రామపు గెరింగ్‌సింగ్ వస్త్రమునకును పడుగు పేకలు రెంటిని కట్టుదురు. నూలును నూనెతో, బూడిదనీటితో నానవేయుదురు. ఎరుపును, మనవలెనే, ఒక వేరునుండియే తీయుదురు. ఎవరు ఎవరికి నేర్పిరో నేను తేల్చను. మచిలీబందరునుండి తూర్పుదీవులకు బట్టల యోడలు శతాబ్దముల తరబడి నడచినవన్న మాట మాత్రము ఇచ్చట మరువరాదు.

ఇక ఆ ఎరుపు సంగతి. కృత్రిమవర్ణములు పుట్టకముందు ఈ కోస్తాలో ఎరుపునకు ఆధారము చిరివేరు. జానెడు ఎత్తు కూడ సరిగా పెరుగని యల్పమైన మొక్క. పొడవైన సన్నని వేరు. ఆ వేరి పైతొక్కలో ఎరుపు. గుల్లసున్నము కలిసిన సముద్రతీరపు టిసుకలో పెరిగిన వేరు శ్రేష్ఠమని ప్రతీతి గనుక, కృష్ణాడెల్టా తీరపు చిరివేరునకు మిక్కిలి విలువ యుండెడిది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు బందరులోను, మా పాయకు పడమటనున్న నిజాంపట్టణములోను దిగినది రంగుబట్టలకే. బందరు కలంకారీ ఎరుపునకు లోకమున వచ్చిన కీర్తిలో సగము చేతిది, సగము ఈ వేరిది. 1868లో జర్మను రసాయనవేత్తలు గ్రేబె, లీబెర్మనులు ఆ వేరిలోని వర్ణద్రవ్యమునే ప్రయోగశాలలో తయారుచేసిరి. కొలదికాలములోనే అలిజరీనను ఆ ద్రవ్యము పీపాలలో అంగడికి వచ్చెను. వేరు త్రవ్వువారి బ్రతుకు చడిచప్పుడు లేకుండ మూతపడెను. చరిత్రకారులు మగ్గము చెడిన విషయమును వ్రాసిరి గాని, గునపము మూలబడిన విషయమును అంతగా వ్రాయలేదు.

ఇరువదవ శతాబ్ది తొలి దశలలో చీరాల విద్య నల్లగొండ సీమకు చేరి, రుమాలు చీరగా పెరిగెను; నూలునకు తోడు పిమ్మట పట్టును వచ్చెను. 1951లో వినోబా భూదానోద్యమము పుట్టిన పోచంపల్లికి నేడు ఆ చీరయే ఇంటిపేరు. భౌగోళిక గుర్తింపును పొందినది. తేలియా రుమాలును పుట్టపాకవారు నిలబెట్టిరి. వారిలో గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ లభించెను. పుట్టినింట, చీరాలలో, అది సన్నగిల్లినది. మా సీమలో పాత రుమాళ్లు చూపువారు అరుదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇండ్లతోపాటు పెట్టెలను, పెట్టెలలోని బట్టలను ఊడ్చుకొనిపోయినది.

ఇప్పుడు చిటికి పేరుతో మిల్లు అచ్చుగుడ్డ ప్రతి సంతలోను వ్రేలాడుచున్నది. కొనువారు కొంగు తిరుగవేసి చూడవలెను: అచ్చుగుడ్డకు వెనుకప్రక్క వెలవెలబోవును, చిటికి చీరకు రెండు ప్రక్కలును ఒక్కటే, పూవు అంచు కొంచె మదరినట్లుండుట లోపము కాదు, అది చేతిపని సాక్ష్యము. మరియొక విన్నపము. తీరపు టిసుకదిబ్బలు రొయ్యలచెరువులుగా మారకముందే, సహజవర్ణములకు మరల గిరాకి పుట్టిన ఈ దినములలో, దివిసీమ రైతులు కొందరైనను పది సెంట్ల యిసుకలో చిరివేరు నాటి చూడవలెను. చేనేతశాఖవారు విత్తనము, కొనుగోలు హామీ ఇచ్చి తోడ్పడవలెను.