దరఖాస్తుకు తగిన కాలం: 2007 జులై, అమెరికాలోని తెలుగువారి నివాస హోదా

ప్రవేశిక

తాత్కాలిక వీసాపై అమెరికాలో ఉన్న ఉద్యోగి శాశ్వత నివాస హోదా (గ్రీన్ కార్డు) కోసం ఎప్పుడు దరఖాస్తు చేయాలన్నది పైకి వ్యక్తిగత నిర్ణయంగా కనిపిస్తుంది. దాని కాలాన్ని అక్కడి వీసా సంఖ్యలతో పాటు ఇక్కడి జనన పత్రాలు కూడా నిర్ణయించాయని 2007 జులై పరిణామాల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టపరమైన నేపథ్యం

1952 నాటి వలస, జాతీయతా చట్టంలోని 245వ సెక్షన్ అమెరికా విడిచి వెళ్ళకుండానే హోదా మార్చుకునే వీలు కల్పించింది. అయితే దరఖాస్తు నాటికి వీసా సంఖ్య అందుబాటులో ఉండాలి. 1990 చట్టం ఉద్యోగ ఆధారిత వీసాలను ఏడాదికి సుమారు 1,40,000గా, ఒక్కో దేశపు పరిమితిని 7 శాతంగా నిర్ణయించింది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది సాధారణంగా పుట్టిన దేశమే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో హెచ్-1బి వీసాపై వెళ్ళిన భారతీయుల సంఖ్య పెరిగిన కొద్దీ వరుస పొడవైంది. వరుసలో ఒకరి స్థానాన్ని ప్రాధాన్య తేదీ తెలుపుతుంది. వరుస కదలికను విదేశాంగశాఖ నెలనెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది.

2007 జులై పరిణామాలు

2007 జూన్ మధ్యలో వెలువడిన జులై బులెటిన్ దాదాపు అన్ని ఉద్యోగ వర్గాలకు తేదీ పరిమితిని తొలగించింది. ఏళ్ళ తరబడి వేచి ఉన్నవారు వైద్య పరీక్షలు చేయించుకొని పత్రాలు సిద్ధం చేసుకున్నారు. జులై 2న సంఖ్యలు అయిపోయాయన్న ప్రకటన వచ్చింది. నిరసనగా జులై 10న అభ్యర్థులు గాంధేయ పద్ధతిలో వలస సేవల సంస్థ అధిపతికి పూలు పంపారు. జులై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు స్వీకరించింది.

దరఖాస్తు వేయగానే గ్రీన్ కార్డు రాదు. కానీ దరఖాస్తుదారుకు, జీవిత భాగస్వామికి ఉద్యోగ అనుమతి పొందే అర్హత వస్తుంది. 2000 నాటి చట్టం ప్రకారం, దరఖాస్తు 180 రోజులు పెండింగులో ఉంటే అదే తరహా మరో ఉద్యోగానికి మారవచ్చు. అందువల్ల దరఖాస్తు వేయగలగడమే ఒక భద్రత. అవివాహితులకు మాత్రం మరో చిక్కు ఉంది. ఆమోదం వచ్చాక పెళ్ళి చేసుకుంటే జీవిత భాగస్వామికి అదే దరఖాస్తు ఆధారంగా హోదా లభించదు. పెళ్ళి ముహూర్తం కూడా ఈ లెక్కలో చేరింది.

జనన పత్రాల ప్రశ్న

దరఖాస్తుకు జనన ధ్రువపత్రం అవసరం. వికారాబాద్ ప్రాంతంలోని దోమ వంటి గ్రామంలో ఇంట్లోనే పుట్టి, పంచాయతీలో నమోదు కాని వ్యక్తికి ఇదే మొదటి అడ్డంకి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. లేదా రికార్డు లభ్యం కాదన్న పత్రంతో పాటు, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు సమర్పించాలి. గడువు వారాల్లో ఉన్నప్పుడు కాగితాలు ముందే ఉన్నవారికి, లేనివారికి మధ్య తేడా ఏళ్ళ నిరీక్షణగా మారగలదు.

ముగింపు

2015 సెప్టెంబరులోనూ దరఖాస్తు తేదీలను ప్రకటించి, అదే నెల 25న కొన్నింటిని వెనక్కి జరిపారు. దీన్నిబట్టి తగిన సమయాన్ని ఎన్నుకునే స్వేచ్ఛ అభ్యర్థికి తక్కువని, సిద్ధంగా ఉండడమే అతని చేతిలో ఉందని తెలుస్తుంది. కాబట్టి తెలుగువారి వలస చరిత్రకు వీసా బులెటిన్లతో పాటు గ్రామ పంచాయతీల జనన రిజిస్టర్లు, తల్లిదండ్రుల అఫిడవిట్లు కూడా ఆధారాలుగా పరిశీలించదగినవి.