కుత్తికంటు చరిత్రము

గడచిన వేసవిలో జి. కొండూరునందు మా బంధువులయింట పెండ్లిమాటలు జరుగుచుండగా మేము నచట నుండుట తటస్థించినది. మామిడికాయ కోతలు ముగియుచున్న దినములవి. తోట గుత్తసొమ్ము చేతికి వచ్చినది. పెండ్లికూతునకు బెజవాడ అంగడిలో పాతకాలపు మోస్తరు కుత్తికంటు నొకదానిని కొనవలయునని నిశ్చయమైనది. క్రొత్తగా చేసి, బుద్ధిపూర్వకముగా మెఱుగు తగ్గించి, నూఱేండ్లనాటిదివలె కన్పట్టునట్లు దిద్దిన నగ యది. సొమ్ము కొంత తక్కువ పడగా, ఇంటి ముసలమ్మగారి పెట్టెలోని కుత్తికంటును కరగించి కలుపుద మని యొకరు సూచించిరి. ఆమె మాఱుపలుకలేదు. లోపలికి పోయి, ఆ నగను తెచ్చి, ఒడిలో పెట్టుకొని కూర్చుండెను.

నిజముగా పాతదానిని కరగించి, పాతదానివలె నుండు క్రొత్తదానిని కొనుట! ఇది యొక్క ఇంటి ముచ్చట కాదు. ఈనాడు మన దేశమున ఇంటింట జరుగుచున్న పనియే. అందుచే ఆ చిన్న నగ వెనుక నున్న పెద్ద చరిత్రమును చదువరుల కించుక నివేదింప దలచితిమి.

మెడను హత్తుకొనియుండు నగలకు మన భాషలో పేర్లకు కొదువ లేదు. వంగని బంగారుకడ్డీతో చేసినది కంటె. కుత్తుక నంటియుండునది కుత్తికంటు. బిళ్లలు వరుసగా కూర్చినది పట్టెడ. అడ్డిగ, నాను, పలకసరులు మొదలగునవి వేఱు. గుండ్లపేరు, కాసులపేరు, చంద్రహారము, మామిడిపిందెల హారము ఱొమ్ముమీదికి వ్రేలాడునవి. పట్టెడ యను మాటకు నిఘంటువులలో కంఠాభరణమను నర్థముతోపాటు కమ్మరి దాగలి యను నర్థమును గలదు. దాగలిపై పుట్టి, మెడ నెక్కి, తుదకు మఱల దాగలికే పోవు బంగారపు బ్రతుకును ఈ యొక్క మాటయే చెప్పుచున్నట్లున్నది.

ఈ వేడుక నిన్న మొన్నటిది కాదు. జి. కొండూరునకు పడమట జగ్గయ్యపేటలోను, కృష్ణ కావలియొడ్డున అమరావతిలోను బయల్పడిన బౌద్ధశిల్పములు శాతవాహనుల కాలమునకును, దానికి కొంచెము ముందు వెనుకలకును చెందినవి. వానిలో పెక్కింటిని నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనునందలి బ్రిటిషు మ్యూజియములోను చూడవచ్చును. అమరావతి శిల్పములందలి స్త్రీలకు వస్త్రము స్వల్పము, ఆభరణము లనల్పము. మెడ నంటిన కంఠికయు, ఱొమ్మున హారమును, నడుమున మేఖలయు, కాళ్ల బరువైన కడియములును గలవు. పురుషులును నగలు ధరించినవారే. నగ స్త్రీకే తగునన్న తలంపు తరువాత వచ్చినదని దీనివలన తెలియుచున్నది.

కృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520వ సంవత్సరమున, విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిసు మహర్నవమి యుత్సవములందలి స్త్రీల యలంకారమును సవిస్తరముగా వ్రాసినాడు. పచ్చలు, వజ్రములు, కెంపులు, ముత్యములు చెక్కిన బంగారు కంఠాభరణములును, వానిక్రింద ముత్యాల సరములును వారి మెడలలో నుండెనట. ఆ శతాబ్దియందే చిత్రింపబడిన లేపాక్షి పైకప్పు బొమ్మలలో నేటికిని ఆ వేడుక కన్నులకు కట్టుచున్నది.

ఆ వజ్రములు పుట్టిన చోటు మన ఇంటి దాపుననే యున్నది. కృష్ణాతీరమందలి కొల్లూరు గనిని 17వ శతాబ్దిలో చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, అచట అఱువదివేలమంది పనిచేయుచుండిరని వ్రాసినాడు. పురుషులు త్రవ్వుచుండగా స్త్రీలును పిల్లలును మట్టి మోయుచుండిరట. రాణుల మెడలో మెఱసిన రాళ్ల కొఱకు మన్ను మోసిన ఆ తల్లుల మెడలో నేమున్నదో యే యాత్రికుడును వ్రాయలేదు. జి. కొండూరునకు కొలది దూరముననే యున్న పరిటాలయు వజ్రభూమియే. చుట్టును ఇంగ్లీషువారి సీమ యైనను, వజ్రముల యాశచేతనే నైజాము ప్రభువు ఆ గ్రామములను తనకుంచుకొనెనని చెప్పుదురు. 1947లో అచటి ప్రజలు నైజామును ధిక్కరించి తమ పరగణాను స్వతంత్ర రిపబ్లిక్కుగా ప్రకటించుకొనిరి.

హైదరాబాదున ఈ నగ మఱియొక సొగసు తాల్చినది. చెక్కని వజ్రములను వెనుక తళుకురేకుతో పొదిగి, అంచున ముత్యములు కూర్చి చేసిన చింతాకు, గుల్బందు అను కంఠాభరణములు అచటి సంపన్నగృహములలో వాడుకయయ్యెను. ఈ పొదుగుపని తెలిసికొనదగినది. పలుచని బంగారురేకుతో గుల్ల చేసి, లోపల లక్కతో నింపి, రాయి చుట్టును మేలిమి బంగారపు సన్నని రేకును చేతితో నొత్తి బిగింతురు. వెనుక పట్టుత్రాడుండుటచే అమ్మమ్మ మెడకు సరిపోయిన నగయే మనుమరాలి మెడకును సరిపోవును. ఇట్టి దానిని మూసలో వేసినచో లక్క కాలిపోవును, తళుకు పోవును, నేర్పు పోవును. మిగులునది చిటికెడు బంగారము. నగల వర్తకుడు త్రాసులో చూచునది ఆ చిటికెడే.

పడమటి దేశములందును ఈ ఫాషను లేకపోలేదు. 1863లో ఇంగ్లాండు యువరాజును పెండ్లియాడిన అలెగ్జాండ్రా కుత్తుకను కప్పు ముత్యాలపట్టీలు ధరింపగా, దొరసాను లందఱు ఆమె ననుకరించిరి. మెడపైని మచ్చను కప్పుకొనుటకే ఆమె యట్లు ధరించెనని ప్రతీతి. ఆ నగకు వారు పెట్టిన పేరేమి? కుక్క మెడపట్టీ! పేరునందలి పరిహాసమును విడిచినను ప్రశ్న మాత్రము నిలిచియున్నది. మెడను బిగించునది అలంకారమా, బంధనమా?

మన సంస్కర్తలు ఈ ప్రశ్నను అడుగకుండ నుండలేదు. 1921లో గాంధీజీ ఆంధ్రదేశమునకు వచ్చినప్పుడు మాగంటి అన్నపూర్ణాదేవి తన నగల నర్పించినది. కాకినాడలో బాలికయైన దుర్గాబాయి తన చేతి గాజులను తీసి యిచ్చినది. నగ లేకున్నను స్త్రీకి తేజస్సు గలదని వారు చూపిరి. అయినను, ఉన్న నగపై హక్కెవరిదను ప్రశ్న దానిచే తీరలేదు. స్త్రీధనము స్త్రీదే యని ధర్మశాస్త్రములు పలికినవి. కాని కఱవునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, నిర్బంధమునందును భర్త పుచ్చుకొన్న స్త్రీధనమును మఱల నీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి. కఱవు లేని యిల్లెక్కడ? 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీముకోర్టు, స్త్రీధనము స్త్రీకి సంపూర్ణమగు సొత్తనియు, భర్తకు దానియందు భాగము లేదనియు తీర్పు చెప్పినది.

భూమి సంగతి వేఱు. 1956 నాటి వారసత్వపు చట్టము కుమార్తెకు తండ్రి సొంత యాస్తియందు భాగ మొసగినది గాని, పిత్రార్జితమునందు కుమారునితో సమానమైన హక్కు నీయలేదు. ఆంధ్రప్రదేశమున 1985 నుండి అమలైన సవరణ అవివాహితలగు కుమార్తెల కాహక్కు నొసగినది. 2005లో దేశమంతటను కుమార్తెల కది లభించినది. అంతవఱకు మన స్త్రీకి ఆస్తి యనగా మెడలోని బంగారమే. ఆమె నగను ప్రేమించుట వట్టి డాంబికమని పరిహసించువారు ఈ మాటను మఱవరాదు.

ఆ రాత్రి ముసలమ్మగారి ప్రక్కను కూర్చుండి నగను చేతిలోనికి తీసికొంటిమి. పట్టుత్రాడు చివికినది. రెండు రాళ్లు లేవు. ఎన్నేండ్లనాటి దని యడిగితిమి. ఆమె యిట్లు చెప్పెను: "మా అత్తగారిది నాయనా. పూత నిలవని ఏడు మూడుమార్లు ఇది తాకట్టుకు పోయి తోటను నిలబెట్టింది. తోట మాత్రం ఏనాడూ నా పేరున లేదు."

ఈ మాట విన్న పెండ్లికూతురు మఱునాడు అంగడికి రానన్నది. ఆ నగకే త్రాడు మార్పించి ధరింతునన్నది. అంతటితో నిలువక, తోటలో తన భాగము మాట యేమని తండ్రి నడిగినది. ఆయన కోపింపలేదు, ఔననను లేదు. ఆలోచింతు మన్నాడు.

మా చదువరుల కొక మనవి. ఇంటిలోని పాతనగను కరగింపక మున్ను, అది యెవరిదో, ఎవరి చేత చేయబడినదో, ఎన్నిమారులు ఎవరి కష్టమును గట్టెక్కించినదో అడిగి వ్రాసి యుంచుడు. దానికొక ఫోటో తీయించుడు. నైజాముల నగలను 1995లో భారతప్రభుత్వము సుమారు 218 కోట్ల రూపాయలకు కొని భద్రపఱచినది. మన అవ్వల నగలను భద్రపఱచుటకు మనము తప్ప వేఱు ప్రభుత్వము లేదు. ఆడపిల్లకు నగ పెట్టునాడే ఆమెకు చెందవలసిన భూమి కాగితమును గూడ చేతిలో పెట్టుడు. అప్పుడు కుత్తికంటు మెడకు అలంకారమే యగును. తోటను నిలుపు బరువు దానిపై నుండదు.