నీళ్ళు పోసిన వారెవరు? - రోహిణి కార్తెలో పెరటి తోట

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మే నెల 25 ప్రాంతాన ప్రవేశించి జూన్ మొదటి వారం దాటేదాకా ఉండే ఈ పదమూడు పద్నాలుగు రోజులే పెరటి తోటకు ఏడాది మొత్తంలో పెద్ద గండం. అంతకు ముందు భరణిలోనూ కృత్తికలోనూ ఎండ తక్కువేమీ కాదు. ఐతే అప్పటికి నూతిలో ఇంకా నీరుంటుంది, మొక్కలో ఇంకా పస ఉంటుంది. రోహిణి వచ్చేసరికి రెండూ అడుగంటుతాయి. మృగశిరలో తొలకరి పడితే మొక్క బతికినట్టే. పడేదాకా దాని ప్రాణం నిలిపేది ఎవరో తోడి, మోసి, పాదులో పోసిన కడవెడు నీళ్ళు.

మన పెరటి చరిత్రను గురించి ఎవరైనా చెప్పబోతే సాధారణంగా మొక్కల ప్రయాణాలతో మొదలుపెడతారు. మిరప అమెరికా ఖండాల నుండి పోర్చుగీసు ఓడలలో వచ్చింది. దసరాకు గుమ్మానికి కట్టుకునే బంతి మెక్సికో మొక్క. సీత పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా ఆ ఖండం నుండి వచ్చినదే. ఆంధ్రమాతగా కొలిచే గోంగూర మూలం ఆఫ్రికా అంటారు. ఇవన్నీ ముచ్చటైన సంగతులే. కానీ ఓడ దిగిన విత్తనం మన నేలలో నిలవాలంటే మొట్టమొదటి వేసవిని దాటాలి కదా. దాటించిన వారెవరు? ఈ ప్రశ్న పట్టుకుని పాత గ్రంథాలు తిరగేస్తే దొరికే జవాబులు కొద్దిపాటివే గాని ఆలోచింపజేసేవి.

మొదట చెప్పవలసినది కౌటిల్యుని అర్థశాస్త్రం. శతాబ్దాలపాటు కనుమరుగై, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909లో అచ్చైన ఈ గ్రంథంలో సేద్యాన్ని పర్యవేక్షించే సీతాధ్యక్షునికి ఒక ప్రకరణం ఉంది. నదుల ఒడ్డున నురగ తాకే నేల తీగకాయలకు, బావుల చుట్టుపట్ల నేల కూరలకు, దుంపలకు తగినదని అందులో చెప్పాడు. నూతి పక్కన కూరపాదు పెట్టే మన అలవాటు ఎంత పాతదో దీనిని బట్టి ఊహించవచ్చు. నీటి పన్ను సంగతి మరింత విశేషమైనది. చేతులతో నీరు తెచ్చి పెంచితే పంటలో ఐదవ వంతు, భుజాల మీద తెచ్చి పెంచితే నాలుగవ వంతు, యంత్రంతో ప్రవాహం పారించి పెంచితే మూడవ వంతు రాజుకు చెల్లించాలి. (భుజాలంటే మనుషులవని కొందరు, ఎద్దులవని కొందరు అర్థం చెప్పారు.) కష్టం పెరిగినకొద్దీ పన్ను తగ్గిందన్నమాట. చేతితో మోసిన నీటికి ఒక విలువ ఉందని లెక్కగట్టిన శాసనకర్త అతడు.

ఆ మోసిన వారెవరో కూడా అక్కడే కనబడుతుంది. విత్తే పనికి దాసులను, కూలివారిని, జరిమానా కట్టలేక దానికి బదులు పనిచేసేవారిని నియమించమన్నాడు. తోటలను, పశువులను కాచేవారికి, దాసులకు, కూలివారికి వారి మీద ఆధారపడినవారి సంఖ్యను బట్టి తిండి పెట్టి, నెలకు ఒకటింపావు పణం ఇమ్మన్నాడు. ఒకటింపావు పణం! తోటపనివాని జీతం ఇంత స్పష్టంగా అంకెలలో రాసిపెట్టిన పాత గ్రంథం ఉండడం మన అదృష్టమే.

కాళిదాసు శాకుంతలంలో ఇదే పని మరో రూపంలో కనిపిస్తుంది. నాటకం గ్రీష్మ ప్రశంసతో మొదలవుతుంది. మొదటి అంకంలో శకుంతల, చెలికత్తెలు కడవలు పట్టుకుని ఆశ్రమంలో చెట్లకు నీళ్ళు పోస్తూంటారు. శృంగార ఘట్టంగా మనం చదువుకునే ఆ సన్నివేశంలో ఒక చిన్న లెక్క దాగి ఉంది. వెళ్ళిపోబోతున్న శకుంతలను ప్రియంవద ఆపి, నాకు నువ్వు రెండు చెట్ల తడి బాకీ ఉన్నావు, అది తీర్చి వెళ్ళమంటుంది. దుష్యంతుడు ఆమె వాలిపోయిన భుజాలను, కడవలెత్తి ఎర్రబడిన అరచేతులను చూసి, ఆ బాకీ కింద తన ఉంగరం ఇవ్వజూపుతాడు. ఆడపిల్లలు తమలో తాము నీళ్ళ వంతులు వేసుకోవడం, బదులు పోయడం, బాకీలు గుర్తుంచుకోవడం కాళిదాసు ఎక్కడో చూసి ఉండాలి. ఉత్త ఊహతో ఆ బాకీ మాట తట్టదు.

ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. నాటిన చెట్లకు వేసవిలో ఉదయం సాయంత్రం రెండుపూటలా, చలికాలంలో దినం విడిచి దినం, వానకాలంలో నేల ఎండినపుడు నీరు పెట్టాలన్నది అతని విధి. నేటి తోటమాలి కూడా దీనికి చేర్చగలిగినది స్వల్పమే. మిట్టమధ్యాహ్నం పోసిన నీటిలో కొంత భాగం ఆవిరైపోతుంది. చల్లపూట పోసినది వేళ్ళకు అందుతుంది. ఐతే ఈ సూత్రంలో కర్త లేడు. నీరు పెట్టవలెను అని ఉంది, ఎవరు అన్నది లేదు. తరువాతి గ్రంథాలలో చాలావరకు ఇదే ధోరణి.

తెలుగు ఇళ్ళలో ఆ కర్త ఎవరో వేరే చెప్పనక్కరలేదు. గిలక మీద చేద లాగి, బిందె చంకనెత్తుకున్నది ఎక్కువగా ఇంటి ఆడవారు, కలిగిన ఇళ్ళలో పాలేర్లు. రోహిణిలో నీటిని పొదుపు చేసిన ఉపాయాలూ వారివే. స్నానాల నీళ్ళు పారే కాలువ పక్కన అరటి, చేమ పెట్టడం, పాదు చుట్టూ గట్టు కట్టి ఎండుటాకులూ గడ్డీ పరవడం, తీగకు ఒకటి రెండు బీర, సొరకాయలు విత్తనానికి వదిలి మిగిలినవి కోసి దాని భారం తగ్గించడం, మృగశిరకు ముందే మడి తవ్వి పెంట కలిపి వాన కోసం సిద్ధంగా ఉంచడం. మొక్క పక్కన మట్టికుండ పాతి నీరు నింపితే అది చెమర్చి వేళ్ళను తడిపే పద్ధతిని క్రీస్తుకు పూర్వం ఒకటవ శతాబ్దంలోనే చైనాలో ఫాన్ షెంగ్‌జీ తన సేద్య గ్రంథంలో వివరించాడు. ఆ కుండ మోసేవారి చేతికి విశ్రాంతి ఇచ్చే సాధనం కూడా.

మన ప్రాంతపు తోటలలో చరిత్రకెక్కినది కాకినాడ దగ్గరి సామర్లకోటలో ఉండేది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి అక్కడ ఉండి మిరియం, కాఫీ, దాల్చిన వంటివి పెంచి చూశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. 1795 నుండి వెలువడిన అతని కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి, మొక్కల తెలుగు పేర్లున్నాయి. 1789-92 నాటి కరువును అతడు ఉత్తర సర్కారులలో కళ్ళారా చూశాడు. వాన తప్పినా తిండి పెట్టగల కొబ్బరి, పనస, అరటి వంటి చెట్లను విరివిగా నాటించమని కంపెనీకి సూచించాడు. ఐతే ఆ కరువు వేసవులలో సామర్లకోట మొక్కలకు నీళ్ళు మోసినవారి పేర్లు ఆ గ్రంథంలో చోటుచేసుకోలేదు. బొమ్మలు గీసిన దేశీయ చిత్రకారుల పేర్లే అందులో లేవు, ఇక మాలీల మాట చెప్పేదేముంది! వారు చెప్పిన మొక్కల పేర్లు మాత్రం లాటిన్ పేర్ల పక్కన నిలిచిపోయాయి.

ఇక్కడ మరొక సంగతి విస్మరించకూడదు. నీరు మోయాలంటే ముందు నుయ్యి అందుబాటులో ఉండాలి. ఊరి నూతిలో చేద వేసే హక్కు లేని వాడలవారు పైకులాల వారెవరైనా తోడి పోసే నీటి కోసం కడవతో కాచుకుని నిలబడిన కాలం మరీ దూరపుది కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీటిని దోసిట పట్టింది ఆ అన్యాయం మీదనే. తాగడానికే నీరు కరవైన ఇంట బీరపాదు ఎలా నిలుస్తుంది? పెరటికూర ఉండడం, లేకపోవడం ఇంటివారి శ్రద్ధను బట్టి మాత్రమే జరిగినది కాదు. శుచిగా పెరడు పెంచుకున్నామని గర్వపడే ఇళ్ళు, ఎవరి పెరడు ఎందుకు ఎండిందో కూడా తలచుకోవాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో కాలువల నీరు పారింది. కానీ ఏటా వేసవిలో కాలువలు కట్టివేస్తారు, జూనులో గాని వదలరు. కనుక రోహిణిలో పెరడు మళ్ళీ నూతినే ఆశ్రయించింది. ఆ తరువాత బోరింగులు, మోటార్లు, రబ్బరు గొట్టాలు వచ్చాయి. మోసే బరువు తగ్గింది, సంతోషమే. ఐతే దానితోపాటు నీటి మీద లెక్కా తగ్గింది. చేదతో తోడినవారికి నూతిలో ఎన్ని వరల నీరుందో రోజూ తెలిసేది. మీట నొక్కేవారికి బోరు ఎండిపోయిన రోజున గాని తెలియదు.

ఇంటి చరిత్రలో ఇల్లెవరు కట్టారో, పొలమెవరు కొన్నారో రాసుకుంటాము. పెరట్లోని మామిడికో మల్లెకో మొదటి మూడు వేసవులు నీళ్ళు పోసినదెవరో రాసుకోము. అమ్మమ్మో మేనత్తో పాలేరో, ఎవరో ఒకరు రోజుకు ఎన్నో బిందెలు మోసి ఉంటారు. ఆ సంగతి తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే అడిగి, ఆ చెట్టు పేరు పక్కన ఆ మనిషి పేరు కూడా రాసిపెట్టుకోమని చదువరులకు మనవి.