నేల మీద గీసిన ఓడ: రేఖాచిత్రం, కంటి తీర్పు

కొయ్య ఓడల నిర్మాణ చరిత్రను చెప్పేటప్పుడు ఒక విభజన తరచుగా కనిపిస్తుంది. ఐరోపా పద్ధతి గీతల మీద నిలిచిన శాస్త్రమనీ, భారతీయ పద్ధతి కంటి అంచనాతో సాగిన చేతిపని అనీ అంటారు. పూర్తి పరిమాణపు రేఖాచిత్రం ఎలా తయారయ్యేదో పరిశీలిస్తే ఈ విభజన నిలవదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భోజునికి ఆపాదించే యుక్తికల్పతరువు ఓడలను సామాన్య, విశేష వర్గాలుగా విభజించి, వాటి పొడవు, వెడల్పు, ఎత్తుల కొలతలు చెబుతుంది. అయితే ఈ మూడు సంఖ్యలతోనే ఓడ రూపం తేలదు. ఒకే కొలతలున్న రెండు ఓడల్లో ఒకటి వేగంగా సాగవచ్చు, మరొకటి ఎక్కువ సరుకు మోయవచ్చు. ఆ తేడా వంపులో ఉంటుంది. వంపును నిర్ణయించే పని నిర్మాతదే.

ఇంగ్లండులో ఓడ వంపులను కాగితం మీదికి తెచ్చిన తొలి ప్రయత్నాలు 16వ శతాబ్దపు మాథ్యూ బేకర్ చిత్రాల్లో కనిపిస్తాయి. 18వ శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళ చిత్రాలను సాధారణంగా 48వ వంతు పరిమాణంలో గీసేవారు. ఆ చిత్రంలో అర మిల్లీమీటరు తేడా ఓడ దగ్గర 24 మిల్లీమీటర్లవుతుంది. కాబట్టి చిన్న చిత్రాన్ని చూసి నేరుగా కొయ్య కోయడం కుదరదు. ఇందుకోసమే చాథమ్ నౌకాశ్రయంలో 1753–58 మధ్య ఒక విశాలమైన అచ్చుల అంతస్తును నిర్మించారు. థామస్ స్లేడ్ రూపకల్పన చేసిన విక్టరీ ఓడ గీతలను పూర్తి పరిమాణంలో గీసింది అక్కడే. 1759లో ఆ ఓడ అడుగుదూలం వేశారు, 1765లో దానిని నీటిలోకి దించారు.

అక్కడి పని కేవలం చిత్రాన్ని పెద్దది చేయడం కాదు. పట్టికలోని కొలతలను నేల మీద బిందువులుగా గుర్తించి, ఆ బిందువుల వెంట సన్నని కర్రబద్దను వంచి, మేకులతో నిలిపి గీత గీస్తారు. పక్క, పై, అడ్డుకోత చిత్రాలు మూడూ ఒకే బిందువు గురించి ఒకే కొలత చెప్పాలి. ఒకదానిలో గీతను సవరిస్తే మిగిలిన రెండింటినీ సవరించాలి. అనేక ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించే పరిష్కర్త పనికి ఇది దగ్గరగా ఉంటుంది. ఒక బిందువు దగ్గర బద్ద సహజంగా వంగకపోతే తప్పు బద్దది కాదు, ఆ కొలతది. గీత నునుపుగా సాగిందో లేదో చివరకు తేల్చేది నేలకు కన్ను ఆనించి చూసే వడ్రంగి. ఆ తరువాతే పలుచని చెక్కతో అచ్చులు కోసి, వాటి ప్రకారం పక్కటెముకల కొయ్యలను చెక్కుతారు.

అంటే, గీతల పద్ధతిలోనూ తుది తీర్పు కంటిదే. కేరళలోని బేపూర్‌లో ఉరు ఓడలను కాగితపు చిత్రాలు లేకుండా నిర్మించే మేస్త్రీ చేసేదీ ఈ తీర్పే. తేడా ఒక్కటే: మొదటిచోట వంపును నేల మీద సరిచూస్తారు, రెండవచోట కట్టే ఓడ మీదే సరిచూస్తారు. ఈ రెండు విద్యలూ ఒకే చేతిలో ఇమిడేవని బొంబాయి చెబుతుంది. అక్కడి వాడియా కుటుంబ నిర్మాతలు ఇంగ్లండు నుంచి వచ్చిన చిత్రాల ప్రకారం మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ 1817లో నీటిలోకి దిగింది. అది నేటికీ హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది.

ఈ పరిశీలన తెలుగు పరిశోధనకు ఒక బాధ్యతను గుర్తుచేస్తుంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి, తాళ్లరేవు ప్రాంతాల ఓడల నిర్మాణానికి కాగితపు ఆధారాలను మాత్రమే వెతికితే ఆ విద్యలో ప్రధాన భాగం చరిత్రకు అందకుండా పోతుంది. నేల మీది గీత తరువాతి ఓడ కోసం చెరిగిపోతుంది, అచ్చు పొయ్యిలోకి పోతుంది. మిగిలేవి వంపుకు, వాలుకు, అతుకుకు వడ్రంగులు వాడే పదాలు. ఆ పదాలను పలికేవారు ఉండగానే సేకరించి, ఏ పదం ఏ కొయ్యకు, ఏ పనికి చెందిందో నమోదు చేయాలి. గీత లేకపోవడం విద్య లేకపోవడానికి రుజువు కాదు.