హలీం గిన్నెలో మన గట్క



మేము నలుగురం. ఇద్దరిది ఉట్నూరు వైపు, ఒకరిది భద్రాచలం ఏజెన్సీ, ఇంకొకరిది దేవరకొండ దగ్గర తండా. కోచింగ్ కోసం వచ్చి అమీర్‌పేట మైత్రీవనం వెనక గల్లీలో ఒకే రూంలో ఉండేవాళ్ళం. రంజాన్ నెలలో ఒక సాయంత్రం పంజాగుట్ట దాకా నడిచి, రోడ్డు పక్కన ఇటుకల భట్టీ మీద వండుతున్న చోట పైసలు కలేసుకొని రెండు ప్లేట్ల హలీం తీసుకున్నాం. నలుగురికీ అదే మొదటిసారి.

చూస్తే ముద్దలాగ ఉంది. మాంసం ఎక్కడుందో తెలియదు. భయంభయంగానే నోట్లో పెట్టుకున్నాం. రెండో చెంచాకు ఉట్నూరు తమ్ముడు అన్నాడు: "ఏందిరా, ఇది మన గట్క లెక్కనే ఉంది గదా!"

నవ్వుకున్నాం గానీ ఆ మాట మమ్మల్ని గుచ్చింది. ఎందుకంటే అంతకు నెల ముందు ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్న రవ్వతో గట్క వండితే పక్క రూం వాళ్ళు "పశువుల దాణానా?" అన్నారు. ఆ రోజే రవ్వ సంచి మంచం కిందికి పోయింది. తండా తమ్ముడైతే సలోయి అనే మాటే బయట ఎత్తడు.

మరి ఈ హలీం ఎక్కడిది? దీని తల్లి అరబ్బుల హరీసా. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే వంట. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలోనే అది ఉంది. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు దాన్ని హైదరాబాద్‌కు తెచ్చారు. వాళ్ళ బ్యారక్‌లున్న చోటే నేటి బార్కస్. ఇక్కడి మసాలా, పప్పు, నెయ్యి కలిసి అది వేరే రుచి అయ్యింది. 1950ల్లో పాతబస్తీ మదీనా హోటల్లో అమ్మకానికి వచ్చింది. 2010లో జీఐ గుర్తింపు దక్కింది. బయటి సిపాయిల తిండి ఇవాళ నగరానికే గుర్తు.

అదే ఏడో నిజాం కాలంలో మన దగ్గర ఏం జరిగింది? జల్, జంగల్, జమీన్ కోసం కుమ్రం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. ఆ తర్వాతే హైమన్‌డార్ఫ్ వచ్చి గోండుల గురించి పుస్తకాలు రాశాడు. నవాబుల దస్తర్‌ఖాన్ మీది వంటలకు చరిత్ర ఉంది. అడవిలో పోరాడినవాళ్ళు తిన్న గట్కకు, అంబలికి అవ్వల చేతులే పుస్తకం.

అన్నం కూడా మనలో చాలామందికి ఒకప్పుడు పండుగ పూట తిండే. 1983 నుంచి రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, హాస్టళ్ళలో అన్నం వచ్చింది. ఆకలి తీర్చింది, కాదనలేం. కానీ జొన్న చేన్లలోకి పత్తి వచ్చాక గట్క ముసలోళ్ళ తిండి అయ్యింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మనం దాచుకున్న జొన్నలే ఇప్పుడు అమీర్‌పేట దుకాణాల్లో అందమైన ప్యాకెట్లలో 'మిల్లెట్' పేరుతో ఉన్నాయి.

కొత్త రుచి అంటే మనకు భయం ఎందుకు? మొదటి ముద్దను పండుగ చేసిన జాతులం మనం. గోండులకు నోవోంగ్, కోయలకు కొత్తల పండుగ. కొత్త పంటను దేవుళ్ళకు, పెద్దలకు పెట్టనిదే నోట పెట్టం. ఎవరి తిండినైనా ఆ మర్యాదతోనే తిందాం. ఆ మర్యాద మన తిండికీ ఇద్దాం.

ఆ ఆదివారం రవ్వ సంచి బయటికి తీశాం. గట్క వండి పక్క రూం వాళ్ళనూ పిలిచాం. ఇద్దరు వచ్చారు, ఒకరు రెండోసారి పెట్టించుకున్నారు. ఒకరు రానే లేదు. రానివాళ్ళ కోసం సంచి మళ్ళీ మంచం కిందికి పోలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి ఊరికి పోయినప్పుడు అవ్వ పక్కన కూచొని ఒక్క వంటన్నా రాసుకోండి. ఏ గింజ, ఎన్ని నీళ్ళు, ఏ పండుగకు, మన భాషలో దాని పేరేంది. హలీం చరిత్ర మనకు దొరికింది, ఎవరో రాశారు కాబట్టి. మనది మనమే రాయాలె.

జై ఆదివాసీ. జోహార్ కుమ్రం భీం.