తెలంగాణలో ఆన్‌లైన్ జూదంపై ప్రభుత్వ నియంత్రణ

తెలంగాణలో జూదాన్ని అదుపు చేసే చట్టాలు నిజాం కాలం నాటివి. మౌలాలిలో సాగే గుర్రప్పందేలను ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ సమీపానికి మార్పించారు. సుమారు దశాబ్దం తర్వాత, నిజాం పాలనలో వాడిన ఫసలీ లెక్కలో 1305లో, హైదరాబాద్ సంస్థానానికి జూద చట్టం వచ్చింది. దాని స్థానంలో 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. మట్కా, లక్కీ బోర్డు లాంటివన్నీ నిషేధించిన ఈ చట్టం గుర్రప్పందేలకు మాత్రం సందు ఉంచింది. పరుగు జరిగే రోజే, ప్రభుత్వ అనుమతితో రేస్‌కోర్సు ఆవరణలో కేటాయించిన చోటే పందెం కాయాలి. మలక్‌పేట మైదానం లోపల కౌంటర్లో టికెట్ కొంటే తప్పు లేదు. అదే గుర్రం మీద గేటు బయట టీకొట్టు దగ్గర బుకీ చేతిలో డబ్బు పెడితే నేరం.

నైపుణ్యంతో ఆడే ఆటలకూ మినహాయింపు ఉండేది. సికింద్రాబాద్‌లో రమ్మీ ఆడే ఒక క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేయగా, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని 1967 నవంబరులో కోర్టు తేల్చింది. గుర్రప్పందేలూ నైపుణ్యమేనని 1996లో మరో తీర్పు వచ్చింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తర్వాత తమ వ్యాపారానికి రక్షణగా చూపింది ప్రధానంగా ఈ తీర్పులనే.

చోటును, వేళను పట్టుకుని రాసిన చట్టానికి ఫోన్ దొరకలేదు. పడగ్గదిలో అర్ధరాత్రి ఆడే ఆటకు గేటు లేదు, ఆట ముగిసే వేళా లేదు. జీతం, ఆపైన అప్పు తెచ్చిన సొమ్మూ యూపీఐలో క్షణాల్లో వెళ్లిపోతాయి. ఇళ్లు గుల్లై, ప్రాణాలు తీసుకునే దాకా వచ్చాక గానీ ప్రభుత్వాలు కదలలేదన్నది చేదు నిజం. తెలంగాణ 2017లో రెండు ఆర్డినెన్సులు, ఆపైన సవరణ చట్టం తెచ్చి సైబర్ ప్రపంచాన్ని నిషేధం కిందికి లాగింది. నైపుణ్యపు ఆటైనా డబ్బు ఒడ్డితే జూదమేనంది. దేశంలో ఈ దారి పట్టిన తొలి రాష్ట్రాల్లో ఇదొకటి. 2020లో ఆంధ్రప్రదేశ్ అనుసరించింది. కానీ లొకేషన్ మార్చే యాప్‌లతో జనం నిషేధాన్ని దాటేశారు. సర్వరు విదేశంలో ఉంటే రాష్ట్ర పోలీసులు చేయగలిగింది తక్కువ. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ, సోషల్ మీడియా ప్రముఖులపై 2025 మార్చిలో హైదరాబాద్‌లో కేసులు పెట్టారు.

జూదం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. కేంద్రం మొదట పన్ను వైపు నుంచి వచ్చింది: 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమచేసే మొత్తంపై 28 శాతం జీఎస్టీ వేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది; ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిస్తే రెండేళ్లు, యాభై లక్షలు. బ్యాంకులు ఈ చెల్లింపులు జరపకూడదు. ఆడినవారికి మాత్రం శిక్ష లేదు: వారిని బాధితులుగా చూసిన ఈ నిర్ణయమే చట్టంలో మెచ్చదగిన భాగం.